రిపోర్టులో పి53 పాజిటివ్ అంటే మంచిదనుకున్నాం

"క్యాన్సర్‌ను అడ్డుకునే పి53 ప్రొటీన్‌ను కణాలు ఎక్కువగా తయారు చేసుకుంటే జబ్బు రాదు కదా?" అని ఒకరు అడిగారు. మా ఇంట్లోనూ అచ్చం ఇలాగే అనుకున్నాం.

అమ్మకు అండాశయంలో గడ్డ ఉందని తేలాక, బయాప్సీ రిపోర్టు ఓ శనివారం సాయంత్రం చేతికొచ్చింది. "పి53 స్ట్రాంగ్ పాజిటివ్" అని ఉంది. మా బాబాయి సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రెండుసార్లు చదివి, "వదినా, ఇది క్యాన్సర్‌ను ఆపే ప్రొటీనే. మీ ఒంట్లో దండిగా ఉందట" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి అమ్మ కడుపునిండా అన్నం తింది. సోమవారం డాక్టరుగారు చెప్పాకే అసలు సంగతి తెలిసింది. పాడైపోయిన పి53 కణాల్లో పేరుకుపోయిందని దాని అర్థం. రిపోర్టు చేతికిచ్చేటప్పుడే ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్ళు ఉండరా? నాకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మామూలు కణం పి53ని చేస్తూనే ఉంటుంది, చేసింది చేసినట్టు పారేస్తూనే ఉంటుంది. ఇంటిమీద ట్యాంకుకు మోటారు ఆడుతున్నా, కింద కుళాయి తిప్పి ఉంచితే నీళ్ళు నిలవవు కదా, అలా. ఆ కుళాయి ఎండీఎం2 అనే ప్రొటీన్. దానివల్ల ఉన్న పి53లో సగం దాదాపు 20 నిమిషాల్లో పోతుంది. డీఎన్‌ఏ దెబ్బతింటే కణం కుళాయి కట్టేస్తుంది, పి53 వెంటనే పెరుగుతుంది. మళ్ళీ ఎండీఎం2ను తయారు చేయించేదీ పి53యే. పాడైన పి53 ఆ పని చేయించలేదు. అందుకే అది పోకుండా పోగుపడుతుంది.

ఊరికే పెంచితే మంచిదా అంటే, కాదు. 1995లో ఎలుకల్లో ఎండీఎం2 జన్యువు తీసేస్తే పిల్లలు కడుపులోనే చనిపోయాయి. పి53ని కూడా తీసేస్తే బతికాయి. పి53 పెంచుతామంటూ పొడులు అమ్మేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

క్యాన్సర్లలో దాదాపు సగానికి పి53 జన్యువే చెడి ఉంటుంది. అమ్మకు వచ్చిన హై గ్రేడ్ సీరస్ అనే అండాశయ క్యాన్సర్ రకంలోనైతే దాదాపు అందరికీ అంతే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కథ వేరు. అక్కడ జన్యువు చాలామందిలో బాగానే ఉంటుంది, హెచ్‌పీవీ వైరస్ తన ఇ6 ప్రొటీన్‌తో పి53ని నాశనం చేయిస్తుంది. ఆ వైరస్‌కు టీకా ఉంది. ఈ సంగతి తెలిశాక బాబాయి ఎవరికీ చెప్పకుండా మనవరాలిని తీసుకెళ్ళి ఆ టీకా వేయించుకొచ్చారు.