మే నెలలో రాకమ్మాయ్

విజయవాడ, సింగ్ నగర్

చి.ల.సౌ. అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

నీ మెసేజ్ రాత్రి చూశాను. ఫోన్లో చెబితే ఊ కొట్టి, చివరికి మీ ఆయన బుక్ చేసిన టికెట్లతోనే దిగుతావు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

పిల్లలకి సెలవులు కాబట్టి మే మొదటి వారంలో వస్తామన్నావు. అత్తగారికి దుర్గమ్మ కొండమీద మెట్ల పూజ మొక్కుంది, ఆయనకి ఉండవల్లి, కొండపల్లి కోట చూడాలని ఉంది, పిల్లలకి పడవ కావాలి. బాగానే ఉంది. కానీ నువ్వు ఇదంతా స్కూలు క్యాలెండర్ చూసి వేశావు. మీ అత్తగారి అరికాళ్లు చూసి వెయ్యాల్సింది.

ఎందుకంటున్నానో విను. మా అత్తగారు కూడా ఇలాగే ఒక మే నెలలో వచ్చారు, అదే మొక్కుతో. తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరదామని ఆవిడ అన్నారు. కాఫీ, టిఫిన్ అయ్యాక వెళదామని నేనన్నాను. తొమ్మిదింటికి మొదటి మెట్టుకి పసుపు రాశారు. సగం దూరం వెళ్లేసరికి పసుపు అద్దిన చోటే అద్దినట్టు ఆరిపోయి పెచ్చులు లేస్తోంది. కుంకుమ భరిణె పట్టుకున్న చెయ్యి చెమటకి ఎర్రగా కారుతోంది. ఆవిడ నోరెత్తలేదు. మెట్టు మెట్టుకీ వంగుతున్నారు, లేస్తున్నారు. కాలు మాత్రం పూర్తిగా ఆనించడం లేదు, మడమ మీదో వేళ్ల మీదో నిలబడుతున్నారు. అది నేను చూసుకోలేదు. పైకి చేరాక చూస్తే రెండు పాదాలకీ బొబ్బలు. ఆ సాయంత్రం నుంచి వడదెబ్బ, మూడు రోజులు సెలైన్. మీ పిన్ని ఇప్పటికీ మే నెల వస్తే నాకు ఆ కాఫీ గుర్తు చేస్తుంది.

బెంగళూరులో ఎండంటే మీకు గొడుగుతో సరిపోయే వ్యవహారం. ఇక్కడ ఏప్రిల్ సగం నుంచి నలభై దాటడం మామూలే, ఒక్కోసారి నలభై అయిదు కూడా చూశాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అది మే చివర్లో వస్తుంది. "పగలు ఇంట్లో ఉండి సాయంత్రాలు తిరుగుతాం" అంటావేమో. అదే బయటివాళ్లకి తెలియదు. ఊరి చుట్టుపక్కల కొండలు. పగలంతా తాగిన ఎండని ఆ బండరాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా కక్కుతూనే ఉంటాయి. పైగా నది పక్కన ఊరు కాబట్టి ఉక్క. సముద్రపు గాలి వద్దామన్నా బందరు ఇక్కడికి డెబ్భై కిలోమీటర్లు, దారిలోనే దాని చల్లదనం పోతుంది. పోనీ కాలవగట్టున కూర్చుందామంటే, ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. నీళ్లుండవు, వాసన ఉంటుంది.

మామిడిపళ్ల కోసమైనా మేలో రావాలన్నావు. ఆ మాట మాత్రం కాదనలేను. బంగినపల్లి, నూజివీడు రసాలు అప్పుడే. నున్న మార్కెట్ నుంచి రెండు పెట్టెలు తెప్పించి నేనే బస్సు పార్సిల్లో వేస్తాను. పండు అక్కడికి వస్తుంది, మీ అత్తగారు ఇక్కడికి రానక్కర్లేదు. తాటి ముంజలు మాత్రం పంపలేను, అవి కోసిన పూటే తినాలి.

జూన్ గురించి చెప్పక్కర్లేదు. వాన పడేదాకా అది కూడా మే నెలే.

ఇక వానాకాలం. నన్నడిగితే కృష్ణమ్మని చూడాల్సింది ఆగస్టులోనే. పైన నాగార్జునసాగర్, పులిచింతల నిండి నీళ్లు వదిలితే ప్రకాశం బ్యారేజీ డెబ్భై గేట్లూ ఎత్తుతారు. ఆ హోరు, ఆ ఎర్రనీళ్లు చూడాలంటే మీ ఆయన్ని ఒక్కణ్ణీ రాత్రి బస్సెక్కించు, మర్నాడు వెనక్కి పంపిస్తాను. పిల్లల్ని మాత్రం అప్పుడు తేవద్దు. వరదొస్తే పడవలు ఆపేస్తారు, భవానీ ద్వీపానికి వెళ్లనివ్వరు. 2024 సెప్టెంబరు సంగతి నీకు తెలిసిందే. బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది, ఇటు బుడమేరు వాగు మా ఇళ్లమీద పడింది. డాబా మీద కూర్చుని డ్రోను ఎప్పుడు అన్నం పొట్లం దింపుతుందా అని ఆకాశం చూశాం. ప్రతి ఏడూ అలా అవుతుందని కాదు. సెప్టెంబరులో టికెట్ కొనేవాడు వాన కబురు చూసుకుని కొనాలి, అంతే.

దసరాకి రమ్మని మీ అమ్మ చెబుతుంది. వదినకి ఏం, తను కొండ దిగువన పుట్టిన మనిషి. మూలా నక్షత్రం రోజు అమ్మవారిని సరస్వతి అలంకారంలో చూడటం భాగ్యమే, కానీ క్యూలో గంటల తరబడి నిలబడే ఓపిక ఆ భాగ్యానికి ముందు ఉండాలి. తెప్పోత్సవం చూద్దామని వచ్చావనుకో, ఆ ఏడు నదిలో ఉద్ధృతి ఉంటే హంసవాహనాన్ని ఒడ్డునే ఉంచి పూజ చేసేస్తారు. కొన్నేళ్లు అలాగే జరిగింది. మెట్ల పూజ తీరిగ్గా చెయ్యాలంటే ఆ పది రోజులూ కుదరదు.

కార్తీకం బాగుంటుంది. తెల్లవారుజామున ఘాట్లలో దీపాలు చూస్తే మనసు నిండుతుంది. కానీ అక్టోబరు, నవంబరు అంటే తుపాన్ల రోజులు. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, కాబట్టి డిసెంబరు మొదటి వారాన్నీ నమ్మను. ఆ తర్వాత క్రిస్మస్ సెలవులు మీకు అనువే. ఒక్కటి కనుక్కో: అమ్మవారి మాల వేసుకున్నవాళ్లు కొండకొచ్చి దీక్ష ముగించే భవానీ దీక్షల విరమణ ఎప్పుడని. అది తిథిని బట్టి మారుతుంది, కొన్నేళ్లు జనవరిలోకి కూడా జరుగుతుంది. ఆ రోజుల్లో కొండంతా ఎర్రబట్టలే, లక్షల్లో జనం.

నా మాట వింటే సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి లోపల రా. పండక్కి ఊళ్లకెళ్లిన వాళ్ల తిరుగు ప్రయాణాల రద్దీ కనుమ తర్వాత నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. పగలు ముప్ఫైకి అటూ ఇటూ, తెల్లవారుజామున పద్దెనిమిది పంతొమ్మిది. రిపబ్లిక్ డేకి ముందూ వెనకా రెండ్రోజులు స్కూలు మానిపించు. ఒకటో తరగతి వాడికి రెండ్రోజుల్లో మునిగిపోయే చదువేమీ లేదు. విమానంలో వస్తే మాత్రం పొద్దుటిది వద్దు, ఆ నెలలో గన్నవరంలో పొగమంచుకి ఆలస్యాలవుతాయి.

మొదటి రోజు ఐదింటికి మెట్ల పూజ. పూర్తవలేదా, మిగతా దూరం మహామండపం లిఫ్టు ఉంది, అమ్మవారేమీ అనుకోదు. రెండో రోజు పొద్దున్నే బ్యారేజీ మీద నడుద్దాం. పన్నెండు వందల మీటర్ల పైచిలుకు, ఎగువన నిండు నీళ్లు, దిగువన ఇసుక తిన్నెలు. 1855లో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగితే ఇది 1957కి పూర్తయిందని మీ ఆయనకి నడుస్తూ చెబుతాను. అవతలి ఒడ్డున సీతానగరం దాటితే ఉండవల్లి. కొండ తొలిచిన నాలుగంతస్తుల గుహ, లోపల ఒకే రాతిలో పడుకున్న అనంతపద్మనాభుడు. జనవరిలో ఆ రాయి మీద అరచెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. కొండపల్లి మూడో రోజు, కోట ముందు, బొమ్మలు తర్వాత. బొమ్మలు ముందు కొంటే పిల్లలు కోట ఎక్కరు.

అత్తగారికి మందపాటి నూలు మేజోళ్లు ఒక జత పెట్టు, కొండమీద తెల్లవారుజామున గచ్చు జివ్వుమంటుంది. టికెట్లు అయ్యాక రైలు పేరు, పెట్టె నంబరు చెప్పు, ఆటో మాట్లాడి ఉంచుతాను. కాఫీ మాత్రం కొండ దిగాకే.

మీ బాబాయి