ఒహాయో జనవరి సీజన్‌కి మొదటి మజిల్‌లోడర్ ఏది కొనాలి?

ఒహాయోలో జనవరి జింకల వేటకి మజిల్‌లోడర్, అంటే గొట్టం మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించే తుపాకీ, ఏది కొనాలని అడిగారు. చలిలోనూ నమ్మకంగా పేలాలి, వంద గజాల్లో జింకకి గురి తప్పకూడదు, 500 డాలర్లు దాటకూడదు అన్నారు. సీవీఏ కంపెనీ వుల్ఫ్ గానీ ఆప్టిమా గానీ తీసుకోండి. .50 క్యాలిబర్, 209 ప్రైమర్‌తో (మందుని అంటించే చిన్న టోపీ) పేలే ఇన్‌లైన్, అంటే ప్రైమర్ మందుకి సరిగ్గా వెనకే ఉండే రకం. నాది వుల్ఫ్, ఆరు సీజన్లు అయింది.

నేను ముందు చూసేది బ్రీచ్ ప్లగ్, అంటే గొట్టం వెనక వైపు మూసే మరబిరడా. చేత్తో తిప్పితే ఊడి రావాలి. వేట నుంచి అలసిపోయి వచ్చి రాత్రి పదింటికి వేడి సబ్బునీళ్లతో గొట్టం కడగాలి కదా, ప్లగ్ కోసం స్పానర్‌తో కుస్తీ పట్టాల్సి వస్తే ఎవరైనా రేపు చూద్దాంలే అనే అంటారు, పైరోడెక్స్ (నల్లమందుకి బదులు వాడే మందు) మసి తుప్పు పట్టించడానికి ఆ రేపు దాకా ఆగదు.

పేలకపోవడం గురించి భయపడుతున్నారు కాబట్టి నా సంగతి చెప్తా. మొదటి ఏడాది మందు దట్టించిన గన్‌ని, ప్రైమర్ తీసేసి, వెచ్చగా ఉన్న గదిలోకి తెచ్చి పెట్టాను. పొద్దున చలిలోకి, మళ్లీ మధ్యాహ్నం లోపలికి, మళ్లీ బయటికి. సాయంత్రం నలభై గజాల్లో కొమ్ముల జింక నిలబడింది, ట్రిగ్గర్ నొక్కితే ప్రైమర్ ఠప్‌మంది, అంతే. మందు ఆలస్యంగా అంటుకోవచ్చని నిమిషం సేపు గొట్టం అటే పట్టుకుని కూర్చున్నా, అది తాపీగా నన్ను చూసుకుంటూ వెళ్లిపోయింది. విప్పి చూస్తే లోపల చెమ్మ, మందు తడి పిండిలా ఉంది. తప్పు గన్‌ది కాదు. ఇప్పుడు మందు పెట్టే ముందు ఖాళీ గొట్టంలో ఒక ప్రైమర్ పేల్చి నూనె ఆరబెడతా, నింపాక గన్‌ని వేడి గదిలోకి తీసుకురాను.

ఇక గురి. సాబట్ గుళ్లకి (ప్లాస్టిక్ తొడుగులో కూర్చునేవి) గొట్టంలో 28 అంగుళాలకి ఒక చుట్టు తిరిగే మెలిక కావాలి, ఈ రెండింటికీ అదే ఉంది. గుడ్డ చుట్టి కొట్టే గుండ్రటి గుండుకైతే 66కి ఒకటి, అది వేరే లోకం. బాక్స్ మీద 150 గ్రెయిన్స్ (మందు కొలత) మాగ్నమ్ అని రాస్తారు, ఆ మోజులో పడకండి. నేను రెండు 50 గ్రెయిన్ పెల్లెట్లతో (మందు బిళ్లలు) వంద గజాల్లో ఆరు అంగుళాల మేర చెల్లాచెదురుగా కొట్టేవాణ్ని. విడి పొడిగా ఉండే ట్రిపుల్ సెవెన్ మందు 90 గ్రెయిన్స్‌కి మారి, ప్రతి షాట్ తర్వాత తడి గుడ్డ, పొడి గుడ్డ దూర్చాక రెండు అంగుళాలకి వచ్చింది. ఆ 90 కొలత పాత్రతో, తూకంతో కాదు. మామూలు రైఫిల్ స్మోక్‌లెస్ పౌడర్ మాత్రం చెంచాడు కూడా పొయ్యకండి, గొట్టం పగిలి చేతులు పోతాయి.

వీసా మీద ఉంటే ఒక మాట. థాంప్సన్ ఎంకోర్ లాంటి, రైఫిల్ గొట్టం కూడా బిగించగలిగేవాటిని ఫెడరల్ చట్టం మామూలు తుపాకీగానే లెక్కేస్తుంది, కొనేముందు మీ స్టేటస్‌కి కుదురుతుందో లేదో కనుక్కోండి. ఎప్పుడైనా కొలరాడో వెళ్తే అక్కడ మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోప్, సాబట్, పెల్లెట్లు ఏవీ కుదరవు.

లోడ్ కుదిరాక, గుండు మందు మీద కూర్చున్నప్పుడు రామ్‌రాడ్ (గుండుని లోపలికి నెట్టే కడ్డీ) గొట్టం అంచు దగ్గర ఎక్కడికి వచ్చిందో అక్కడ మార్కర్‌తో గీత పెట్టుకోండి. చీకట్లో వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు గుండు సగంలో ఆగిందా, రెండోసారి మందు పోసేశామా అన్న టెన్షన్ ఉండదు.