మీరడిగారు: నీటిరంగుల బొమ్మకు ఎండ, తేమ, గోడ

ఉన్న ఊళ్లోనే ప్రదర్శన పెట్టుకోవాలనుకునే నీటిరంగుల చిత్రకారులు పంపిన ప్రశ్నలివి. జవాబులన్నీ సీమ వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ప్రశ్న: ఓర్వకల్లు రాళ్ల దగ్గర కూర్చుని బొమ్మలు వేస్తున్నాను. ఆకాశం వాష్ (నీళ్లగా పరిచే రంగు పూత) సగం వేసేలోపే పైసగం ఆరిపోయి మధ్యలో గీత పడుతోంది. సరిచేయబోతే కాలీఫ్లవర్ లాంటి మరక తేలుతోంది. కాగితం మార్చాలా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: మీది 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు), నూరు శాతం కాటన్ కాగితమైతే మార్చక్కర్లేదు. చెక్కగుజ్జుతో చేసిన పల్చటి కాగితమైతే మాత్రం ముందు దాన్ని వదిలించుకోండి. మన ఎండలో అది తడిని నిలుపుకోలేదు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిగా ఉంటుంది. కాబట్టి పెద్ద వాష్ పని ఉదయం ఎనిమిదిలోపే ముగించాలి. 11×15 అంగుళాల కాగితాన్ని ముందూ వెనకా తడిపి, ఐదు నిమిషాలు నానబెట్టి, ప్లాస్టిక్ లేదా యాక్రిలిక్ పలక మీద పరవండి. వెనకవైపు తడి కింది నుంచి కాగితాన్ని కాస్తుంది. మామూలు చెక్క బోర్డు ఆ తడిని తాగేస్తుంది. పలకకు పైవైపు మూడు నాలుగు అంగుళాల ఎత్తు పెట్టండి. ఆకాశానికి కావాల్సిన రంగంతా, అంటే పాతిక మిల్లీలీటర్ల దాకా, ముందే గిన్నెలో కలిపి ఉంచుకోండి. వాష్ మధ్యలో రంగు కలుపుతూ కూర్చుంటే గీత పడక తప్పదు. బ్రష్ ఒకటిన్నర అంగుళం ఫ్లాట్ (పట్టీలాంటిది) అయినా, లావు మాప్ (మెత్తటి కుచ్చులాంటిది) అయినా ఉండాలి. ఎనిమిదో నంబరు గుండ్రటి బ్రష్‌తో ఆకాశం వేయడమంటే చెంచాతో మడికి నీళ్లు పెట్టడమే. రంగు కలిపే నీళ్లలో కప్పుకు నాలుగైదు చుక్కల గ్లిజరిన్ వేస్తే ఆరడం కాస్త నెమ్మదిస్తుంది. అంతకు మించితే బొమ్మ జిగటగా మిగిలి, వానాకాలంలో తేమను పిలుస్తుంది.

ఇక ఆ మరక సంగతి. సగం ఆరిన రంగు మీద ఎక్కువ నీళ్లున్న బ్రష్ పెడితే, ఆ నీళ్లు రంగు రేణువులను బయటికి నెట్టుకుంటూ పోయి అంచున పేరుస్తాయి. రెండోసారి పెట్టే బ్రష్‌లో నీళ్లు కాగితం మీది తడి కంటే తక్కువ ఉండాలి. కాగితాన్ని పక్క నుంచి చూడండి. అద్దంలా మెరుస్తుంటే చేయి పెట్టవచ్చు. మెరుపు పోతూ మసకబారుతున్నప్పుడు మాత్రం ముట్టుకోవద్దు. పూర్తిగా ఆరిందో లేదో అరచేతి వెనకవైపుతో చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు.

రాళ్లకు ఈ పొడి గాలే మేలు చేస్తుంది. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపి, బ్రష్‌ను గుడ్డకు ఒత్తి, పడుకోబెట్టి లాగితే కాగితం గరుకు మీద రాతి గరుకుదనం దానంతటదే వస్తుంది. బోరు నీళ్లు మాత్రం వాడకండి. లవణాలు ఎక్కువగా ఉన్న నీళ్లలో కొన్ని రంగులు విరిగి గింజలు కడతాయి. ఆర్‌ఓ నీళ్లు ఒక లీటరు వెంట తీసుకెళ్తే చాలు.

ప్రశ్న: నిరుడు ప్రదర్శనకు పది బొమ్మలకు ఫ్రేములు కట్టించాను. వానలు పడ్డాక నాలుగింటిలో కాగితం అలలు తేలింది, రెండింటికి గోధుమరంగు చుక్కలు వచ్చాయి, ఒకటి అద్దానికే అతుక్కుపోయింది. ఫ్రేము కట్టినవాళ్లది తప్పా?
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: దేవుడి పటాలకు కట్టినట్టే మీ బొమ్మలకూ కట్టి ఉంటారు. అచ్చు పటానికి ఆ పద్ధతి సరిపోతుంది, నీటిరంగుల బొమ్మకు సరిపోదు. ఏం కావాలో మీరే చెప్పి చేయించుకోవాలి.

మొదటిది, అద్దం కాగితానికి తగలకూడదు. రాత్రి చల్లబడినప్పుడు అద్దం లోపలివైపు తేమ పడుతుంది. నీటిరంగుల్లో ఉన్నది తుమ్మజిగురు. తడి తగిలితే అది మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది. అందుకే మధ్యలో రెండు మిల్లీమీటర్ల మందం మౌంట్ బోర్డు (దళసరి అట్ట) కిటికీలా కోసి పెట్టాలి. 11×15 బొమ్మకు కిటికీ 10½×14½ ఉంటే నాలుగు వైపులా పావు అంగుళం కాగితం లోపలికి పోతుంది. మౌంట్ వెడల్పు పైనా పక్కలా మూడు అంగుళాలు, కింద మూడున్నర. కింద ఆ అర అంగుళం లేకపోతే బొమ్మ జారిపోతున్నట్టు కనిపిస్తుంది. మౌంట్ ‘యాసిడ్ ఫ్రీ’ (ఆమ్లం లేనిది) అని అడిగి తీసుకోండి. మామూలు అట్ట అయితే కొన్నేళ్లకు కిటికీ అంచు వెంబడే బొమ్మ మీద పసుపు గీత దిగుతుంది.

రెండోది, కాగితాన్ని నాలుగు వైపులా అతికించకూడదు. వానాకాలంలో కాగితం సాగుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. కదిలే దారి లేకపోతే అలలు లేస్తాయి. పైఅంచున రెండు చోట్ల మాత్రమే పట్టీలు పెట్టి వేలాడదీయాలి. పట్టీకి పల్చటి, గట్టి హ్యాండ్‌మేడ్ కాగితం తీసుకోండి. సెల్లో టేపు, ఫెవికాల్ రెండూ వద్దు. టేపు జిగురు కాగితంలోకి ఇంకి మరకవుతుంది, ఫెవికాల్ మళ్లీ ఊడదు.

జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. చపాతీ ముద్దలా కలిపిన మైదాను నీళ్లలో పిసికి, గోధుమ హల్వాకు పాలు తీసినట్టే తీయండి. రాత్రంతా ఉంచితే అడుగున తెల్లగా పేరుకునేదే స్టార్చ్. పైనీళ్లు వంచేసి, ఒక చెంచా స్టార్చ్‌కు ఐదు చెంచాల నీళ్లు పోసి, సన్నమంట మీద పావుగంట కలుపుతూ ఉడికించండి. పాలరంగు పోయి గాజులా మెరిస్తే అయినట్టే. మైదాను నేరుగా ఉడికిస్తే అందులో మిగిలే జిగట పదార్థానికి పురుగులు చేరతాయి. బైండింగ్ వాళ్లు వేసే మైలతుత్తం పురుగును ఆపుతుంది గానీ, దానిలోని రాగి కాగితాన్ని తినేస్తుంది. తుత్తం కలిపిన జిగురు మీ బొమ్మ దగ్గరికి రానివ్వకండి.

మూడోది వెనకభాగం. ప్లైవుడ్, హార్డ్‌బోర్డు నేరుగా బొమ్మకు ఆనకుండా మధ్యలో యాసిడ్ ఫ్రీ అట్ట పెట్టి, అంచులన్నీ కాగితపు టేపుతో మూయించండి. ఫ్రేము కింది రెండు మూలల వెనక బిరడా ముక్కలు అతికిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. వాన చెమ్మ దిగే బయటిగోడకైతే ఇది తప్పనిసరి.

ఇప్పుడున్నవాటి మాట. అలలు లేచిన బొమ్మలను ఫ్రేములోంచి తీసి, బూజు లేదని తేల్చుకున్నాక, వెనకవైపు మాత్రం స్పాంజితో తేలిగ్గా తడిపి, రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువుంచి ఒక రోజు వదిలేయండి. చుక్కలు పడ్డవాటిని నీడలో ఆరబెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో బూజు దులపండి. రుద్దితే రంగు పోతుంది. అద్దానికి అంటుకున్నదాన్ని లాగొద్దు, తడపొద్దు. అద్దంతో సహా అలాగే ఉంచి, కాగితపు కళాఖండాలు బాగుచేసే నిపుణులకు చూపించండి.

ప్రశ్న: రెండేళ్ల కిందట కొన్న ఖరీదైన కాగితంపై ఇప్పుడు వాష్ వేస్తే ముదురు చుక్కలు చుక్కలుగా పీలుస్తోంది. రంగు లోపమా?
– పాఠకుడు, నంద్యాల

జవాబు: రంగుది కాదు. కాగితానికి పట్టించిన జెలటిన్ పూత తేమకు చెడింది. మూలన ఒక చుక్క నీళ్లు వేయండి. ముత్యంలా నిలవకుండా వెంటనే ఇంకితే ఆ కాగితం వాష్‌లకు పనికిరాదు. బొగ్గు బొమ్మలకు వాడుకోండి. కొత్త కాగితాన్ని మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ కవర్‌లో, సిలికా జెల్ పొట్లాలతో, నేలకూ గోడకూ దూరంగా పడుకోబెట్టి దాచండి.

ప్రశ్న: గన్నేరు, కాగితంపూల బొమ్మలు హాల్లో పెట్టాను. ఏడాదికే గులాబీరంగు వెలిసిపోయింది. ఆకులు బాగానే ఉన్నాయి.
– పాఠకురాలు, కడప

జవాబు: ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ కోడ్ (లోపలి రంగు పదార్థం గుర్తు) చదవండి. పీఆర్ 83 అని ఉంటే అది అసలు అలిజరిన్ క్రిమ్సన్, వెలుతురుకు నిలవదు. ఒపేరా పింక్ ఇంకా త్వరగా పోతుంది, దాని మెరుపంతా ఫ్లోరసెంట్ అద్దకానిదే. వాటి బదులు పీవీ 19 ఉన్న క్వినాక్రిడోన్ రోజ్ వాడండి. కాగితంపూలకు ఆ రంగొక్కటే చాలావరకు సరిపోతుంది. పేరు చూసి కొనవద్దు, ఒకే పేరుతో ఒక్కో కంపెనీ ఒక్కో పిగ్మెంట్ వేస్తుంది.

మీ దగ్గరున్న రంగులన్నీ ఒక కాగితంపై పట్టీలుగా వేసి, సగాన్ని నల్ల అట్టతో కప్పి, ఎండ పడే కిటికీకి మూడు నెలలు అతికించి చూడండి. కప్పిన సగానికీ విప్పిన సగానికీ తేడా కనిపించిన రంగుతో వేసిన బొమ్మను అమ్మడం కొనేవాళ్లకు అన్యాయం. మంచి రంగుకైనా నేరు ఎండ పనికిరాదు. మ్యూజియాల్లో కాగితపు బొమ్మలకు 50 లక్స్ (వెలుతురు కొలత) మసక వెలుతురే ఇస్తారు.

ప్రశ్న: 30 బొమ్మలున్నాయి. ఫ్రేము వెడల్పు 22, ఎత్తు 18 అంగుళాలు. హాల్లో 30 అడుగుల గోడలు రెండు ఇస్తామన్నారు. ఎంత ఎత్తున, ఎంత ఎడంతో పెట్టాలి?
– పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: 22 బొమ్మలే పెట్టండి. గోడకు పదకొండు చొప్పున, మధ్య ఎనిమిది అంగుళాల ఎడంతో 322 అంగుళాలు పడుతుంది. 360లో మిగిలిన 38ని రెండు చివర్లకూ 19 చొప్పున వదలండి. మిగతా ఎనిమిదింటినీ ఇరికిస్తే ఏదీ కంటికి ఆనదు. వాటిని పెట్టెలో ఉంచి, అడిగినవాళ్లకు చూపండి.

బొమ్మ నడిమధ్య నేల నుంచి 58 అంగుళాల ఎత్తున ఉండాలి. గోడ మీద కొక్కెం చోటు ఇలా లెక్కకట్టండి: 58కి ఫ్రేము ఎత్తులో సగం 9 కలిపి, ఫ్రేము వెనక కట్టిన తీగను వేలితో పైకి లాగినప్పుడు ఫ్రేము పైఅంచుకూ తీగకూ మధ్య ఎంత ఉందో అంత తీసేయాలి. అది 3 అయితే కొక్కెం 64 అంగుళాల దగ్గర పడుతుంది. నేల వాలుగా ఉండే హాళ్లలో టేపు మోసం చేస్తుంది. మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకుని, ఒక దారం లాగి దాన్నిబట్టి పెట్టండి. ఫ్రేము వెనక తీగ కట్టే కొక్కేలు పైనుంచి మూడో వంతు కింద ఉండాలి, మరీ కిందికి బిగిస్తే ఫ్రేము ముందుకు వంగుతుంది. మేకులు కొట్టనివ్వకపోతే అద్దె పార్టిషన్లకు గొలుసులు వేసుకోండి. లైటు పైనుంచి, నిట్టనిలువుకు 30 డిగ్రీల వాలున పడితే చూసేవాళ్ల నీడ బొమ్మ మీద పడదు.

ప్రశ్న: మాది కరువు జిల్లా. ప్రకృతి చిత్రాల ప్రదర్శనకు ఏం గీయాలి?
– పాఠకుడు, హిందూపురం

జవాబు: మీకు దగ్గర్లోనే వీరాపురం ఉంది. ఏడాది మొదట్లో అక్కడి చెట్ల మీద కొంగలు గూళ్లు కడతాయి. వాటిని సైబీరియా పక్షులంటుంటారు గానీ, అవి పెయింటెడ్ స్టార్క్‌లు, మన దేశపు పక్షులే. పటం కింద చీటీలో పేరు సరిగ్గా రాయండి. తోక మీదికి వాలే రెక్క ఈకల గులాబీ ఛాయను ఆఖరున, ఒకే పొరగా వేయండి. తిమ్మమ్మ మర్రిమానును మొత్తంగా పట్టాలని చూడకుండా నాలుగు ఊడలు, వాటి మధ్య వెలుతురు చాలనుకోండి. వేరుశనగ చేల ఎర్రమట్టి, దున్నిన నల్లరేగడి, ఎండిన చెరువు పగుళ్లు, ఇవన్నీ నీటిరంగులకు పుట్టిన విషయాలు. పచ్చదనం తక్కువని బెంగపడకండి. ఆకుపచ్చను నమ్మించడమే ఈ మాధ్యమంలో అన్నిటికంటే కష్టం.

ఒకే విషయాన్ని పట్టుకున్న ప్రదర్శన బలంగా ఉంటుంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా వచ్చే కేసీ (కర్నూలు–కడప) కాలువ ఒక్కటే ఇరవై బొమ్మలిస్తుంది. చీటీ మీద పేరు, ‘కాగితంపై నీటిరంగులు’, ఎత్తు×వెడల్పు, సంవత్సరం, ధర ఉంటే చాలు.

ప్రశ్న: ప్రదర్శనలో గండికోట బొమ్మ కొన్నవారు దాన్ని తమ దుకాణం క్యాలెండరుకు అచ్చేస్తామంటున్నారు. కొన్నారు కాబట్టి వేసుకోవచ్చా?
– పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: వేసుకోకూడదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మీ అంతట మీరు వేసిన బొమ్మను అమ్మితే కాగితం వారిది, అచ్చు హక్కు మీదే. అది మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. హక్కు రాసివ్వాలంటే సంతకంతో కాగితం ఉండాలి. కానీ ఎవరైనా డబ్బిచ్చి ‘మాకోసం ఫలానా బొమ్మ వేయండి’ అని వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు 17వ సెక్షన్ ప్రకారం హక్కు వారికే పోతుంది. అందుకే ఆర్డరు తీసుకునేటప్పుడే ‘అచ్చు హక్కు చిత్రకారిణిదే’ అని ఇద్దరూ సంతకం చేసుకోండి. ఈ క్యాలెండరుకు విడిగా రుసుము అడగండి. ఎన్ని ప్రతులు, ఏ సంవత్సరానికి, బొమ్మ కింద మీ పేరు ఎక్కడ వేస్తారు అన్న మూడూ రసీదులో రాయించుకోండి.