తమ్ముడు చూపించిన తీర్పు ఇప్పటికీ చెల్లుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నాకు 1990లో పెళ్లయింది. నాన్నగారు 2003లో వీలునామా రాయకుండానే పోయారు. తాతల నాటి నాలుగెకరాల మాగాణి ఇంకా పంపకం కాలేదు. నా వాటా అడిగితే, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే ఆడపిల్లకు హక్కు వస్తుందంటూ తమ్ముడు 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పును ప్రింటు తీసి చూపిస్తున్నాడు. అది నిజమేనా? ఇటువంటివి మేమే సరిచూసుకోవడం ఎలా?

సమాధానం: మీ తమ్ముడి చేతిలో ఉన్నది అసలైన తీర్పే. ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాట చెప్పింది. 2005 సెప్టెంబరు 9 అంటే, కుమార్తెకు కొడుకుతో సమాన హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి పార్లమెంటు తెచ్చిన సవరణ అమల్లోకి వచ్చిన రోజు. అయితే 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, కుమార్తెకు సమష్టి ఆస్తిలో (తాతల నాటి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో) హక్కు పుట్టుకతోనే వస్తుందని, తండ్రి ఆ తేదీనాటికి బతికి ఉండనవసరం లేదని తేల్చి, 2015 తీర్పును తోసిపుచ్చింది. రాజ్యాంగం 141వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టం దేశంలోని అన్ని కోర్టులకూ శిరోధార్యం. ఇద్దరి ధర్మాసనం ఒకటి, ముగ్గురి ధర్మాసనం మరొకటి చెప్పినప్పుడు ముగ్గురిదే నిలుస్తుంది. అందుకే ఏ తీర్పు చేతికొచ్చినా మొదటి పేజీలో ఎందరు న్యాయమూర్తుల పేర్లున్నాయో, తేదీ ఏమిటో చూడండి. ఆ తర్వాత అదే కేసు పేరుతో తీర్పులు దొరికే ఇండియన్ కానూన్ వెబ్‌సైటులోగానీ, సుప్రీంకోర్టు తన తీర్పులను ఉచితంగా అందిస్తున్న ఈ-ఎస్‌సీఆర్‌లోగానీ వెతికి, తరువాతి తీర్పులు దాని గురించి ఏమన్నాయో చదవండి. తీర్పు పైన ఉండే సంక్షిప్త సారాన్ని న్యాయమూర్తులు రాయరు, సంపాదకులు రాస్తారు కాబట్టి దానినే ప్రమాణంగా పట్టుకోకూడదు.

ఇంతవరకూ తీర్పుల సంగతి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఏమిటంటే, మీ ఇద్దరిలో ఎవరూ అసలు చట్టాన్ని తెరిచి చూడలేదు. తీర్పు ఒక సెక్షన్‌కు వ్యాఖ్యానం మాత్రమే కనుక, ముందుగా ఆ సెక్షన్ మీకు కావలసిన రోజున ఎలా ఉందో తెలుసుకోవాలి. మీ విషయంలో ఆ రోజు మీ నాన్నగారు పోయిన 2003లోనిది. వారసత్వం ఉమ్మడి జాబితాలోని (కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల) అంశం కావడంతో కేంద్ర చట్టానికి రాష్ట్రాలు సవరణలు తెచ్చుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ 1986లో 13వ నంబరు చట్టం ద్వారా హిందూ వారసత్వ చట్టంలో 29-ఎ సెక్షన్ చేర్చి, దానిని 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి తెచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కుమార్తెలను మినహాయించి, మిగిలిన వారికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించింది. మీ పెళ్లి 1990లో జరిగింది కనుక, పార్లమెంటు సవరణకు ఇరవై ఏళ్ల ముందే మీరు ఆ ఆస్తిలో హక్కుదారు. అంటే తమ్ముడు చూపిన తీర్పు తోసివేతకు గురికాకపోయినా, మీ హక్కు దాని మీద ఆధారపడి లేదు. అప్పటికి రాష్ట్రం ఒక్కటే కాబట్టి తెలంగాణ ఆడపడుచులకూ ఇదే వర్తిస్తుంది.

కేంద్ర చట్టాల పాఠం ప్రభుత్వ వెబ్‌సైటు ఇండియా కోడ్‌లో ఉచితంగా దొరుకుతుంది. అయితే కేంద్ర చట్టం పాఠం ఒక్కటే చదివితే రాష్ట్ర సవరణ కంటపడకుండా పోవచ్చు. కాబట్టి రాష్ట్ర చట్టాలను విడిగా వెతకండి, లేదా రాష్ట్ర సవరణలు కూడా అచ్చువేసిన బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉండే) పుస్తకం తీసుకోండి. తెలుగు అనువాదం అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది, కానీ పదం దగ్గర పేచీ వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రామాణికం.

ఇక మీ తమ్ముడు చెప్పగలిగే గట్టి వాదన ఒక్కటే ఉంది: పంపకం ఎప్పుడో అయిపోయిందని. నోటిమాట పంపకం, రిజిస్టరు కాని పారికత్తు (పంపకం కాగితం) అంటూ ముందుకొస్తే, 2005 సవరణ రిజిస్టరైన పంపకం దస్తావేజునో కోర్టు డిక్రీనో అడుగుతుందని గుర్తుంచుకోండి. నోటి పంపకాన్ని ప్రభుత్వ రికార్డుల ఆధారంతో అరుదుగా మాత్రమే ఒప్పుకోవచ్చని 2020 తీర్పు చెప్పింది. కాబట్టి న్యాయవాది దగ్గరకు వెళ్లే ముందు భూమికి పాత కాలం నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాస్‌పుస్తకాల నకళ్లు, నాన్నగారి మరణ ధ్రువపత్రం, మీ పెళ్లి తేదీని నిరూపించే కాగితం, ఆ భూమి తాతల నాటిదని చూపే పాత దస్తావేజు సేకరించుకోండి. భూమి నాన్నగారి స్వార్జితమని తేలితే ఈ సెక్షన్లతో పనిలేకుండానే, అదే చట్టం 8వ సెక్షన్ కింద మీకూ, తమ్ముడికీ, అమ్మగారు ఉంటే ఆమెకూ సమాన వాటాలు వస్తాయి.