గునుగు మోపు పట్టుకెళ్లినవాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు

మీరు అడిగింది ఇది: "వరంగల్‌లో ఉంటాను. ఎల్‌జీబీటీ కార్యక్రమాల్లో, ఊళ్లో జరిగే వాటిల్లో పాల్గొనాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? భయంగా కూడా ఉంది."

హైదరాబాద్ వెళ్లమని ఇప్పటికే నలుగురు చెప్పి ఉంటారు. నేను చెప్పను. అక్కడ 2013 నుంచి మనవాళ్లు వీధిలోకి వచ్చి నడిచే ప్రైడ్ నడక జరుగుతోంది, మంచిదే, రెండుసార్లు వెళ్లాను. పొద్దున్నే కాజీపేటలో రైలెక్కడం, సికింద్రాబాద్‌లో దిగి ముఖానికి కర్చీఫ్ కట్టుకొని నడవడం, రాత్రి బండికి మళ్లీ మామూలు మనిషినైపోయి ఇంటికి రావడం. నడక అయ్యాక అందరూ ఒక కాఫీ హోటల్లో కూర్చున్నారు. ధరల పట్టీ చూసి నేను మంచినీళ్లు అడిగాను. మాటలన్నీ ఇంగ్లీషులో. రెండు గంటల్లో నాతో మాట్లాడింది ఒక్క అబ్బాయి. "వరంగల్ నుంచా? వావ్!" అన్నాడు, నేనేదో సముద్రం దాటి వచ్చినట్టు. మేం ఉన్నది నూట ముప్పై కిలోమీటర్ల దూరంలో బాబూ.

నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. చేతిలో పని లేకుండా ఏ కార్యక్రమానికీ వెళ్లొద్దు. ఊరికే వెళ్తే మూలన నిలబడి, మిమ్మల్ని ఎవరు చూస్తున్నారో చూసుకుంటూ ఉంటారు. పని ఉంటే మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోవాల్సిన అవసరమే రాదు. నా సంగతి చెబుతాను.

2023లో అక్టోబర్ 14న ఎంగిలిపూల బతుకమ్మ. మగా మగా, ఆడా ఆడా చేసుకునే పెళ్లిళ్ల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 17న, అంటే నాలుగో రోజు, నానబియ్యం రోజు. మాకు పెళ్లి హక్కు లేదన్నారు. మా వాట్సాప్ గ్రూపులో ఆ రోజంతా ఏడుపు మొహాల బొమ్మలే. ఇంకో రెండు రోజులకు ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఆ రోజు ఎవరూ పూలు పేర్చరు కదా. "అమ్మ గూడ మన తరఫున అలిగింది" అని ఎవరో పెట్టారు. ఆ మాటకు వారంలో మొదటిసారి నవ్వాను.

అదే రోజు గ్రూపులో ఇంకో మాట వచ్చింది. హన్మకొండలో అద్దెకుంటున్న ట్రాన్స్ అక్కలు సద్దుల బతుకమ్మ ఆడుతున్నారట, పూలు తేగలిగినవాళ్లు తెమ్మన్నారట. పెట్టింది ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో ఫీల్డ్ పని చేసే అబ్బాయి. మా జిల్లాల్లో మేము నలుగురం కలవడం చాలావరకు వీళ్ల చలవే, అది ఒప్పుకుంటాను. కానీ ఆ మీటింగులతో నాకొక పేచీ ఉంది. ప్రతిదీ కండోమ్‌తో మొదలై రక్తపరీక్షతో ముగుస్తుంది. ఆరోగ్యం ముఖ్యమే, కాదనను. ఆ పరీక్ష నేనూ ఆర్నెల్లకోసారి చేయించుకుంటాను. అయినా మాకు పండగ ఉండదా? పాట రాదా? పేపర్లవాళ్లు కూడా అంతే. "స్వలింగ సంపర్కులు" అని రాస్తారు. ఆ మాట చదివితే ఏదో కేసులో ముద్దాయినన్నట్టు ఉంటుంది. ఇంట్లో అమ్మ ముందు అనగలిగే మాట మన భాషలో ఇంకా పుట్టలేదు.

సరే, పూలు. నాకు బతుకమ్మ పేర్చడం వచ్చు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. పదేళ్లు దాటాక "మగపిల్లగానివి, నీకెందుకురా" అని మేనమామలు లేపేస్తుంటే ఆమె మాత్రం "వాని చెయ్యి నిలకడగుంటది, ఉండనియ్యున్రి" అనేది. ఆమె పోయాక మా ఇంట్లో నన్ను ఆ పళ్లెం దగ్గర కూర్చోనిచ్చినవాళ్లు లేరు.

సద్దుల రోజు ఆదివారం. మార్కెట్‌లో పనుందని అమ్మకు చెప్పి బండి తీశాను. నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. ఆదివారం, పైగా సద్దుల నాడు ఏ మిర్చి వస్తుందో అమ్మ అడగలేదు. ధర్మసాగర్ వైపు చేనుగట్ల మీద గునుగు, తంగేడు కోసి, మోపు కట్టి, బండి వెనక పెట్టుకొని హన్మకొండలో ఆ సందులోకి వెళ్లాను. ఇంటి ముందు నుంచి మూడుసార్లు పోయాను. నాలుగోసారి అరుగు మీద కూర్చున్న పెద్దామె అరిచింది.

"ఓ తమ్మీ, గన్ని సార్లు తిరిగితే పూలు వాడిపోతయ్. లోపల్కి తే!"

లోపల ఎనిమిదిమంది. మధ్యలో తాంబాలం, అందులో ఒరిగిపోయిన బతుకమ్మ. బజారులో కొన్న బంతిపూలు గుమ్మరించినట్టు పోశారు. నాకు పాణం ఆగలేదు. నమస్తే కూడా పెట్టకుండా కూర్చుని, మొత్తం తీసేసి, గుమ్మడాకులు పరిచి మొదటి నుంచి మొదలుపెట్టాను. తంగేడు ఒక వరుస. గునుగు కట్టలు కట్టి, కాడలు సమానంగా కోసి, కొసలు రంగునీళ్లలో ముంచి ఒక వరుస. నడుమ ఖాళీ రాకుండా తరిగిన ఆకులు, కాడలు నింపుతూ పోవాలి. వాళ్లు చేయనిది అదే. లోపల బోలుగా ఉంటే బయట ఎంత అందంగా పేర్చినా ఒరిగిపోతుంది. ఒకామె రంగులు కలిపింది, ఇంకొకామె దారం అందించింది. నువ్వెవరు, ఎక్కడుంటావు, ఏం చేస్తావు, నువ్వు ఏ రకం? ఒక్కరూ అడగలేదు. గంటసేపు "గునుగు ఇటియ్యి", "కత్తెరేది", ఇవే మాటలు.

మోకాలెత్తు అయింది. పైన పసుపు గౌరమ్మను పెట్టాక పెద్దక్క తల అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరి దగ్గర నేర్సినవ్?" అని అడిగింది. అమ్మమ్మ అన్నాను. "ఉన్నదా?" "లేదు." ఇంకేం అడగలేదు, పులిహోర, మలీద పెట్టింది.

తింటుంటే పెళ్లిళ్ల తీర్పు మాట వచ్చింది. ట్రాన్స్ ఆడవాళ్లు మగవాణ్ని చేసుకోవడానికి ఇప్పుడున్న చట్టాలే చాలని అదే తీర్పులో ఉంది. ఒక చిన్నక్క నా వైపు చూసి, "మాకైతే చేసుకోవచ్చన్నరట తమ్మీ, ఎటొచ్చి నీకే లేదు" అంది. అంటే తెలిసిపోయింది. ఎప్పుడు తెలిసిందో! అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పెద్దక్క మాత్రం, "నాకు కోర్టుతోటి ఏం పని? నాకెప్పుడో అయింది, రాజన్నతోటి" అంది. రాజన్నంటే వేములవాడ శివుడు. అక్కడ శ్రీరామనవమి రోజు గుడిలో సీతారాముల కల్యాణం జరుగుతుంటే బయట శివపార్వతులనే శివభక్తులు, హిజ్రాలు తలంబ్రాలు పోసుకొని శివుణ్ని పెళ్లాడతారు. చూడకపోతే ఒకసారి పోయి చూడండి. మన దగ్గర ఇలాంటివి లేవు, ఇదంతా పట్నం నుంచో విదేశాల నుంచో వచ్చింది అనేవాళ్లను నేనైతే అక్కడికే తీసుకుపోతాను.

ఇంకో సంగతి ఆరోజు నేనే వాళ్లకు చెప్పాను. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో ఒక చట్టం వచ్చింది. నపుంసకుల చట్టం. ఆడబట్టలు కట్టి వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడి పాడినా వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. తెలంగాణ వచ్చాక కూడా అది పుస్తకంలో అలాగే ఉంది. హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. అంటే ఆ చట్టం లేని మొదటి బతుకమ్మ మేం పేర్చిందే. పెద్దక్కకు దెబ్బలు తెలుసు గానీ చట్టం సంగతి తెలీదు. "అయ్యో, కొట్టుడు గూడ కాయిదం మీద రాసిపెట్టిన్రా!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది.

సాయంత్రం పద్మాక్షి గుట్టకు తీసుకుపోయాం. ఆటో నేనే మాట్లాడాను. మొదటి ఆటోవాడు అక్కలను చూసి బండి కదిలించేశాడు, రెండోవాడు బతుకమ్మను చూసి ఆగాడు. గుట్ట కింద జనం నేల ఈనినట్టున్నారు. మా వాళ్లు ఒక వారన దించి చప్పట్లు మొదలుపెట్టారు. పక్క గుంపులో ఒకావిడ తన కూతురి చెయ్యి పట్టుకొని అవతలికి పోయింది. అది చూశాను, దాచను. ఇంకో ముసలామె మాత్రం నేరుగా వచ్చి, "ఇంత సక్కగ ఎవరు పేర్సిన్రే?" అని అడిగింది. అక్కలు నన్ను చూపించారు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని చూసింది. వేళ్లు మొత్తం గులాబీ, ఆకుపచ్చ. తర్వాత వాళ్లతో రెండు చుట్లు ఆడి, "ఉయ్యాలో" అనుకుంటూ తన గుంపులోకి వెళ్లిపోయింది.

ప్రశ్న నుంచి చాలా దూరం వచ్చినట్టున్నాను. మీకు పూలు పేర్చడం రాదు అనుకుందాం. ఫారాలు నింపడం వస్తుంది కదా? 2019 చట్టం కింద ట్రాన్స్ గుర్తింపు పత్రం కలెక్టర్ ఇస్తారు, దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో పెట్టాలి. కాగితాలు ఎక్కించడం, ఆధార్‌లో పేరు ఒకలా పత్రంలో ఇంకోలా లేకుండా చూడటం చదువుకున్నవాళ్లకు అరగంట పని, మా అక్కలకు నాలుగుసార్లు మీసేవకు తిరుగుడు. ఫోన్ పట్టుకుని వెళ్లండి చాలు. ఎలా వెళ్లాలంటే, మీ జిల్లా పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీ కౌన్సెలింగ్ గది దగ్గర అడగండి, ఫీల్డ్ పని చేసేవాళ్లు అక్కడికి వస్తుంటారు. యాప్‌ల్లో మొహాలు లేని ఫొటోలతో నెలల తరబడి "హాయ్, ఎక్కడ?" అనుకోవడం కంటే నయం.

ఇంకో చిరాకు కూడా కక్కేస్తాను. "నేను గేనే గానీ ఆ హిజ్రాలతో కలవను" అనే బాబులు మా గ్రూపులోనూ ఉన్నారు. మీరు అలాంటివారైతే నా జవాబు మీకు పనికిరాదు.

భయం సంగతి. దసరా సెలవులయ్యాక దుకాణం తెరిచాం. గోళ్లలో రంగు ఇంకా పోలేదు. బిల్లు పుస్తకం మీద నా చెయ్యి చూసి సేటు అడిగాడు.

"ఏంది చేతులు గట్లయినయ్?"

"బతుకమ్మ పేర్చిన సేటూ."

"మీ ఇంట్ల ఆడోళ్లు లేరా?"

"ఉన్నరు. నాకు బాగొస్తది."

కళ్లద్దాల మీది నుంచి కాసేపు చూశాడు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో నాకే తెలుసు. ఆయన మాత్రం పక్కకు తిరిగి, లోపల చాయ్ పోస్తున్న భార్యకు వినపడేలా, "ఇగో, వచ్చే ఏడు మనకు గునుగు తెచ్చే మనిషి దొరికిండు" అన్నాడు.