బల్ల మీద అరచెయ్యి, గాలిలో మోచెయ్యి

ప్రశ్న: మా అబ్బాయి ముంబైలో ఆల్జీబ్రాయిక్ జామెట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. కోడలు ఫిజియోథెరపీ చదివి మనుషుల నడక, కదలికల మీద రీసెర్చ్ చేస్తోంది. బంధువులు అడిగితే కోడలి పని గురించి నాలుగు ముక్కలు చెప్పగలను, పక్షవాతం వచ్చినవాళ్లు ఎలా నడుస్తున్నారో కెమెరాలు పెట్టి కొలుస్తుందని. అబ్బాయి సంగతి అడిగితే మాత్రం ఏం చెప్పాలో తోచదు. వాణ్ని అడిగితే చెప్పినా నీకు అర్థం కాదులేమ్మా అంటాడు. అసలు వాడు చేసేదేమిటి? వీళ్లిద్దరి చదువులకీ ఎక్కడైనా పొంతన ఉందా?
ఒక తల్లి, గుంటూరు

జవాబు: అర్థమయ్యేలా చెప్పొచ్చమ్మా. ముందు ఒక చిన్న పని చెయ్యండి. కుర్చీలో కూర్చుని అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టండి. అరచెయ్యి కదలకూడదు, భుజం కదలకూడదు. ఇప్పుడు మోచేతిని పైకి లేపి మళ్లీ దించండి. లేస్తుంది, దిగుతుంది కదా. అరచెయ్యి ఎక్కడ ఉండాలో, ఎటు తిరిగి ఉండాలో మీరు బిగించేశారు, అయినా మోచేతికి ఇంకా కొంచెం చోటు మిగిలింది. మీ కోడలి లాంటివాళ్లు దీన్ని ఇలా లెక్కేస్తారు. భుజం దగ్గర చెయ్యి మూడు రకాలుగా తిరుగుతుంది, మోచెయ్యి ఒక రకంగా వంగుతుంది, ముంజెయ్యి ఒక రకంగా మెలి తిరుగుతుంది, మణికట్టు రెండు రకాలుగా కదులుతుంది, మొత్తం 7. అరచేతిని ఒక చోట, ఒక దిక్కుకు నిలపడానికి కావలసినవి 6, చోటుకు మూడు, దిక్కుకు మూడు. మిగిలిన ఆ ఒక్కటే మీ మోచేతిని అలా ఆడనిచ్చింది.

ఇప్పుడు మీ అబ్బాయి వైపు నుంచి చూద్దాం. భుజానికీ మోచేతికీ మధ్య దూరం మారదు, అక్కడ ఉన్నది ఎముక. అంటే మోచెయ్యి ఎక్కడ ఉన్నా భుజం చుట్టూ గీసిన ఒక గోళం మీదే ఉండాలి. మణికట్టు నుంచి చూసినా అంతే, అది ఇంకో గోళం. రెండు గోళాలు కోసుకుంటే వృత్తం వస్తుంది. ఇందాక మీ మోచెయ్యి తిరిగింది ఆ వృత్తంలో ఒక ముక్క మీద. ఒక్కో గోళానికి ఒక్కో సమీకరణం, మొత్తం రెండు సమీకరణాలు. స్కూల్లో అయితే ఎక్స్ ఎంత, వై ఎంత అని కనుక్కుంటే లెక్క అయిపోయేది. మీ అబ్బాయి సబ్జెక్టు అక్కడి నుంచి మొదలవుతుంది. జవాబులన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే ఏ ఆకారం వస్తుంది, అది ఎన్ని ముక్కలుగా ఉంది, ఎక్కడ నున్నగా సాగుతోంది, ఎక్కడ తేడా చేస్తోంది అని వాళ్లు అడుగుతారు. బంధువులు అడిగితే ఈ మాటే చెప్పండి, తప్పేమీ కాదు.

ఆ తేడా చేసే చోటు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇద్దరూ అక్కడే కలుస్తారు. చేతిని ముందుకు పూర్తిగా చాచండి. ఇప్పుడు ఆ రెండు గోళాలూ ఒక్క చుక్క దగ్గర తాకుతాయి, వృత్తం కుంచించుకుపోయి చుక్క అయిపోయింది. కంటికి చుక్కే, కానీ మామూలు చుక్క కాదు. ఒక వృత్తాన్ని గీత రెండు చోట్ల కోస్తుంది, గీతను మెల్లగా అంచు వైపు జరిపితే ఆ రెండు చుక్కలూ దగ్గరై చివరికి ఒకటైపోతాయి. మనకు ఒకటే కనిపిస్తుంది, సమీకరణం మాత్రం అక్కడ రెండు కలిశాయని గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తును పోనివ్వకుండా ఈ జ్యామితిని పునాదుల నుంచి మళ్లీ కట్టినవాడు అలెగ్జాండర్ గ్రోతెన్‌డీక్ (1928–2014). 1960లలో పారిస్ దగ్గర ఆయన చేసిన పని అది, మీ అబ్బాయి నోట వినిపించే స్కీమ్ అనే మాట అక్కడిదే. ఇక చాచిన చెయ్యి గురించి కోడలిని అడగండి, నిండు బకెట్‌ను చెయ్యి నిటారుగా వేలాడదీసి ఎందుకు మోస్తామో చెబుతుంది. బరువు నేరుగా కీలు గుండానే కిందికి లాగుతుంది, కాబట్టి మోచేతిని వంచే కండరానికి పెద్ద పని ఉండదు. కొంచెం వంచి మొయ్యండి, నిమిషంలో కండ పట్టేస్తుంది.

ఇందాక మోచేతికి మిగిలిన ఆ స్వేచ్ఛను శరీరం ఏం చేసుకుంటుందో ముందుగా పట్టుబట్టి చూసినవాడు సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టైన్ (1896–1966). 1920లలో మాస్కోలో సుత్తీ ఉలీ పట్టుకుని పని చేసేవాళ్ల చేతులకు చిన్న బల్బులు కట్టి ఫోటోలు తీశాడు. చెయ్యి తిరిగిన పనివాడు ప్రతి దెబ్బా ఒకేలా కొడతాడని ఎవరైనా అనుకుంటారు. కానీ ఫోటోల్లో భుజం, మోచెయ్యి దెబ్బదెబ్బకీ కొంచెం వేరే దారిలో పోతున్నాయి, సుత్తి మాత్రం వెళ్లి ఉలి మీదే పడుతోంది. తేడాలన్నీ సుత్తికి తగలని వైపుకు సర్దుకుంటున్నాయన్నమాట. నాకు ఈ మొత్తం శాస్త్రంలో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

ఇంకో పొంతన కెమెరాల్లో ఉంది. ఒకే వస్తువు మీది ఐదు చుక్కలు రెండు ఫోటోల్లో పడితే, కెమెరాలు ఒకదానికొకటి ఎక్కడ ఉన్నాయో చెప్పొచ్చా? జవాబులు 11 వరకు ఉండొచ్చని 1913లో ఆస్ట్రియాకు చెందిన ఎర్విన్ క్రుప్పా లెక్కకట్టాడు. 1988లో మిషెల్ డెమజూర్ వచ్చి కాదు, పదేనని తేల్చాడు. ఈయన గ్రోతెన్‌డీక్ శిష్యుడు, నికార్సైన ఆల్జీబ్రాయిక్ జామెట్రీ మనిషి. ఇప్పుడు కెమెరాల ఫోటోల నుంచి లోతును తిరిగి రాబట్టే ప్రోగ్రాముల వెనక ఈ రకం లెక్కే ఉంది.

ఒక్క మాట మాత్రం దాచకుండా చెబుతాను. మీ అబ్బాయి థీసిస్‌లో మోచెయ్యి, కెమెరా ఇవేవీ ఉండకపోవచ్చు. వాళ్లు పట్టుకునే ఆకారాలు చాలావరకు బొమ్మ గీయడానికి కూడా కుదరవు, ఎవరికి ఉపయోగమని అడిగితే జవాబు ఉండకపోవచ్చు కూడా. అందుకని ఆ పని తక్కువదని నేను అనుకోను, మీరూ అనుకోవద్దు.

ప్రశ్న: నేను బీఎస్సీ మ్యాథ్స్ చివరి ఏడాది. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నాను. కదలికల మీద లెక్కలతో రీసెర్చ్ చెయ్యాలని ఉంది. ఎంఎస్సీలో ఆల్జీబ్రా తీసుకుంటే పనికొస్తుందా, టైమ్ వేస్టా? చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: వేస్ట్ కాదమ్మా, కానీ ఏది దేనికో తెలుసుకుని దిగు. కదలికల ల్యాబ్‌లో రోజూ నడిచేది లీనియర్ ఆల్జీబ్రా, మెకానిక్స్, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్. స్కీములు అక్కడ ఎవరూ అడగరు. ఆల్జీబ్రాయిక్ జామెట్రీకి వెళ్లాలంటే రింగ్స్, మాడ్యూల్స్, కమ్యుటేటివ్ ఆల్జీబ్రా మీద చాలాకాలం కూర్చోవాలి. మన దగ్గర ఆ దారి లేకపోలేదు, గణితవేత్తలు శేషాద్రి, లక్ష్మీబాయిలతో కలిసి షూబర్ట్ వెరైటీలనే ఆకారాల మీద పేరున్న పని చేసిన సి. ముసిలి హైదరాబాద్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవారే.

నిర్ణయం తీసుకునే ముందు రెండూ చేత్తో చేసి చూడు. నువ్వు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి నిలబడినప్పుడు రెండు పాదాలూ నేలకు అంటుకుని ఉంటాయి, పైన నడుము రెండు కాళ్లనూ కలుపుతుంది, అంటే అదొక మూసిన గొలుసు. ఒక కాలు ఎత్తగానే గొలుసు తెరుచుకుంటుంది, ఆ కాలికి స్వేచ్ఛ వస్తుంది. గొలుసు మూసుకోవడం అంటే సమీకరణాలు పెరగడం. ఎముకల్ని కడ్డీలుగా అనుకుని, కాగితం మీద బల్లపరుపుగా గీసి, ఆ సమీకరణాలు నువ్వే రాయి. మెకాలే2, సింగులర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, అలాంటి సమీకరణాల్ని అవి విడదీసి చూపిస్తాయి. శరీరం వైపు, కండరాలూ ఎముకలూ ఎలా కదులుతాయో కంప్యూటర్లో చూపించే స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఓపెన్‌సిమ్ ఉంది, అదీ ఉచితమే. జవాబుల్లో మోకాలు వెనక్కి వంగినవి కూడా వస్తాయి, కంగారు పడకు. సమీకరణానికి అవి సరైన జవాబులే, కాలికి కావు. ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతకడంలో నువ్వు ఎంతసేపు కూర్చోగలిగావో చూసుకుంటే నీ సగం టెన్షన్ అక్కడే తీరుతుంది.

ప్రశ్న: మోకాలు తలుపు బందులాంటిదేనా? మా సార్ కాదంటారు.
ఫిజియోథెరపీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీ సారే కరెక్టు. తలుపు బందుకు ఇరుసు ఒక్కచోటే ఉంటుంది. మోకాల్లో ముందు, వెనక క్రూసియేట్ లిగమెంట్లు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు) రెండూ కత్తెరలా అడ్డంగా పడి ఉంటాయి, వాటిని తొడ ఎముకతో, కింది ఎముకతో కలిపి చూస్తే నాలుగు కడ్డీల యంత్రమవుతుంది. అసలు మోకాలు ఇంతకన్నా క్లిష్టం, కానీ ఈ బొమ్మతో చాలా సంగతులు తెలుస్తాయి. వంగేకొద్దీ ఇరుసు జరుగుతూ పోతుంది. నాలుగు కడ్డీల్లో మధ్య కడ్డీకి కట్టిన చుక్క గీసే గీతకు సమీకరణం సాధారణంగా ఆరో డిగ్రీది, వృత్తానికేమో రెండో డిగ్రీ. కృత్రిమ కాళ్లలో ఈ పద్ధతి వాడతారు, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జైపూర్ ఫుట్ సంస్థతో కలిసి చేసిన చవక మోకాలు అలాంటిదే. అడుగు వేసేటప్పుడు అది వంగితే కాలి పొడవు కొంచెం తగ్గుతుంది, దాంతో పాదం ముందు భాగం నేలకు తట్టుకోదు.