సహాయక బృందంలో చేరిన నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

విపత్తు బాధితులను సహాయ కార్యక్రమాల్లో ఎలా భాగస్వాములను చేయాలని అడిగావు. వారి మాట విని నిర్ణయం మార్చుకునే వీలు ఇంకా ఉన్నప్పుడే వారిని అడగాలన్నది నా మొదటి సలహా. సామగ్రి కొని, జాబితా ఖరారు చేశాక పెట్టే సభలో వారికి మిగిలేది తల ఊపడమే.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి రూపొందించిన ప్రవర్తనా నియమావళిలోని ఏడవ సూత్రం, సహాయం పొందేవారికి దాని నిర్వహణలో చోటు కల్పించాలనే చెబుతుంది. ఆచరణలో అది వెనకబడటానికి దురుద్దేశం కంటే తొందర, ముందే బిగించేసిన ఖర్చు పద్దులే ఎక్కువగా కారణమని నా అభిప్రాయం. అందుచేత బడ్జెట్‌లో కొంత భాగాన్ని ఏ పద్దుకూ కేటాయించకుండా ఉంచమని దాతలను మొదటే ఒప్పించు.

ఎవరిని అడుగుతున్నావో కూడా చూసుకో. ముందుకొచ్చి మాట్లాడే పెద్దలు అందరి తరఫునా మాట్లాడుతున్నారని అనుకోకు. స్త్రీలతో, వృద్ధులతో, వికలాంగులతో విడిగా కూర్చో. ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని స్ఫియర్ ప్రమాణాలు, అంటే విపత్తు సహాయానికి అంతర్జాతీయంగా పాటించే కనీస ప్రమాణాలు, చెబుతాయి. ఆ లెక్క సరిపోయినా, దారిలో వెలుతురు లేక, తలుపుకు లోపల గడియ లేక రాత్రివేళ స్త్రీలు అటు వెళ్లడానికి భయపడితే కట్టి ప్రయోజనం లేదు. అది ఎక్కడ కట్టాలో, ఎలా ఉండాలో వారే చెప్పగలరు.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా ప్రబలినప్పుడు, కుటుంబాలను దూరంగా ఉంచి శవాలను తీసుకుపోవడంతో కొందరు మరణాలనే దాచిపెట్టారు. మత పెద్దలతోనూ సంప్రదించి, ప్రార్థనకూ కడసారి చూపుకూ చోటిస్తూ ఖననం పద్ధతులను మార్చాక ప్రతిఘటన తగ్గింది. వైద్యపరంగా సరైనదే అయినా, జనం ఒప్పుకోని ఏర్పాటు నిలబడదు.

ఫిర్యాదుల పెట్టె ఒక్కటి తగిలించి ఊరుకోకు. చదువు రానివారు నోటితో చెప్పుకునే దారి ఉండాలి. పంపిణీ చేసే మనిషి మీద ఫిర్యాదు ఆ మనిషి చేతికే చేరకూడదు. లైంగిక దోపిడీ ఆరోపణలకు పూర్తిగా గోప్యమైన వేరే మార్గం తప్పనిసరి. విన్నవాటిపై ఏం చేశావో తిరిగి వెళ్లి చెప్పు, చేయలేకపోతే కారణంతో సహా చెప్పు.

మొదటి రోజుల్లో ప్రాణాలు కాపాడటమే పని కనుక సభలకు వ్యవధి ఉండదు. అప్పుడు మాత్రం పంపిణీ వరుసలో నిలబడినవారినే నాలుగు ప్రశ్నలు అడిగి, మరుసటి విడతను వారి జవాబులను బట్టి సరిదిద్దుకో.